ఇంజన్ లేని ఓడ

నాన్నకి నూట మూడు.
టగ్గెక్కి మూడు రోజులైంది.
పెదజాలారిపేటలో మా రెండో అంతస్తు గది,
కిటికీలోంచి సముద్రం చెయ్యి వెడల్పే కనపడుతుంది.
ఆ ముక్కనే చూస్తూ పడుకున్నాడు సూరాడ ఎల్లాజీ,
పోర్టు టగ్గు మీద ఇరవై రెండేళ్ల సర్వీసున్న సరంగు.
దగ్గినప్పుడల్లా మంచం గోడకి కొట్టుకుంటోంది.

"ఒలే గుంటా,
ఆ యూనివర్సిటీ లేబులో దినామూ సూస్తావు గదా.
ఏటది? పురుగా?"

పురుగు కాదు నాన్నా.
పురుగైతే తింటుంది, కంటుంది, చస్తుంది.
ఇది ఇంజన్ లేని ఓడ.
చుక్కాని లేదు, వంటవాడు లేడు,
ఉన్నదల్లా ఎనిమిది ముక్కల రాత,
చుట్టూ పల్చటి కొవ్వు పొర.
ఆ పొరా సొంతం కాదు,
కిందటి ఇంట్లోంచి వస్తూ కప్పుకొచ్చిన దుప్పటి,
బహుశా సిటీ బస్సులో
నీ మెడ మీద తుమ్మిన ఆయనది.

నీ గొంతులో కణాల వాకిట చక్కెర గుంజలుంటాయి,
వాటికి తాడేస్తుంది.
అంతే, దానికొచ్చిన పని.
మన కత్తెర దాని ముక్కు కోసిపెట్టకపోతే
తలుపు తియ్యడం చేతకాదు.
మన పులుపు తగలకపోతే
మూట విప్పుకోవడం రాదు.

"మరి నోపలికెవులు తెస్తారు?"

నవ్వొచ్చింది. నువ్వే నాన్నా.
డాల్ఫిన్ నోస్ మలుపులో
పరాయి జెండా ఓడ నిలబడితే
నువ్వెదురెళ్లి భుజం ఆనించి
ఇరుకు కాలవలోకి నెట్టుకు రావూ?
కణం నడిబొడ్డు గదికీ అలాంటి కాలవే.
అక్కడి టగ్గుల్ని ఇంపోర్టిన్ అంటాం.
చీటీ చూసి లాగడం వాటి ఉద్యోగం.
అది దొంగ చీటీ అని వాటికేం తెలుసు,
ఏ ఓడ పొట్టలో ఏముందో నీకు తెలుసా?

లోపల మన ఉత్తరాలు రాసిపెట్టి ఉంటాయి.
వాటి తలలు కత్తిరించి తన కాగితాలకి అంటించుకుంటుంది.
తల చూసి మనవే అనుకుని
మన అచ్చుయంత్రాలు రాత్రంతా ఆడతాయి.
ఓవర్‌టైమ్ లేదు.

ఇంకో చిన్న ప్రోటీనుంది,
పేరు చెప్తే లారీ నంబరులా ఉంటుంది.
అది చెయ్యందిస్తేనే దాని నకళ్లు తయారవుతాయి.
కోళ్లలో, బాతుల్లో ఆ చెయ్యి కాస్త పొడుగు.
పిట్టల జ్వరం మన ఒడ్డుకొస్తే తాడు అందదు,
మనది పొట్టి చెయ్యి.
అప్పుడు తనలో ఒక్క అక్షరం మార్చుకుంటుంది.
అందుతుంది.

వైవాలో చెప్పినట్టు చెప్పేశానేమో.
అమ్మ మిరియాల చారు తెచ్చి
ఇద్దరి మొహాలూ చూసి, పెట్టేసి వెళ్లింది.

"అయితే టగ్గులాపేస్తే సరి."

మా మేడమ్ కూడా అదే అంటుంది నాన్నా!
దాని వేషం ఏడాదికోటి,
నువ్వు మాత్రం మారవు.
అందుకని దాన్ని కాదు, నిన్ను ఆపే మందు...

లేచి కూర్చున్నాడు.
"ఆపినాం ఒకపాలి.
అప్పుడు నువ్వు మీ యమ్మ కడుపులో ఉన్నావు.
పదకొండు రోజులు ఎవులమూ తాడు ముట్టనేదు.
బొగ్గోడ ఆగింది. దొంగోడుంటే అదీ ఆగింది.
గోధుమలోడా ఆగిపోనాది.
పన్నెండో నాడు మీ యమ్మ గంజి తాగింది,
అదీ పక్కింటోల్లిచ్చింది."

చారు గ్లాసు చేతిలో కాలుతున్నా దించలేదు నేను.
మా ఇంక్యుబేటర్లో
టగ్గులు తగ్గించిన కణాలున్నాయి.
వైరస్ పెరగడం లేదని చప్పట్లు కొట్టాం మొన్న.
అవి కూడా సరిగా పెరగడం లేదని
నోట్‌బుక్కులో చిన్న అక్షరాలతో రాశాను.

తెల్లారగట్ల దిండంతా చెమట.
జ్వరం దిగింది.
ఏ కాపలావాళ్లు దింపారో
ఇంకో రోజు చెప్పాలి.

"బయటెన్నున్నాయో నెక్కెట్టే."
కిటికీలో ఆ చెయ్యి వెడల్పు చీకటి.
నాలుగు దీపాలు. ఐదోది
ఓడో, చుక్కో.
ఐదు, అన్నాను.

"ఎల్లాల" అంటూ ఖాకీ చొక్కా కోసం
చీకట్లో మేకు తడుముతున్నాడు.
అది రాత్రే బకెట్లో నానబెట్టేశాను.